గండామన్ బడి భోజనం, 2013: నూనె డబ్బాలో మోనోక్రోటోఫాస్

బిహార్‌లోని సారణ్ జిల్లా, మశ్రఖ్ బ్లాకు, ధర్మసతి గండామన్ గ్రామం. 2013 జులై 16, మంగళవారం. ప్రాథమిక పాఠశాలలో ఆ రోజు మధ్యాహ్న భోజనం అన్నం, సోయాబీన్ బంగాళాదుంప కూర. తిన్న కాసేపటికే పిల్లలకు కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. పదుల సంఖ్యలో పిల్లలు ఒకేసారి పడిపోయారు. కొందరు దారిలోనే పోయారు, మరికొందరు ఛప్రా, పాట్నా ఆసుపత్రుల్లో పోయారు. మొత్తం 23 మంది. నాలుగేళ్ల పసివాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. వండిన ఆమె కూడా ఆ కూర రుచి చూసి ఆసుపత్రి పాలైంది.

నూనె రంగు, వాసన తేడాగా ఉన్నాయని ఆమె ముందే చెప్పింది. ఇంట్లో ఆడించిన నూనే, ఫరవాలేదు, వండమని ప్రధానోపాధ్యాయురాలు అన్నారు. కూర రుచి బాగాలేదని పిల్లలూ అన్నారు. తినమనే చెప్పారు. వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమం అప్పటికే కాగితం మీద ఉంది. బడికి సరైన వంటగది లేదు, సరుకులు ప్రధానోపాధ్యాయురాలి ఇంట్లో ఉండేవి.

మరునాటికే వైద్యులు ఆర్గానోఫాస్ఫరస్ అనే పురుగుమందుల కుటుంబానికి చెందిన విషాన్ని అనుమానించారు. జులై 20న ఫోరెన్సిక్ నివేదిక వచ్చింది. నూనె డబ్బాలో, పళ్లెంలో, మిగిలిన అన్నం కూరలో ఆ కుటుంబానికే చెందిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు దొరికింది. అంతకు ముందు పురుగుమందు ఉన్న డబ్బాలో వంటనూనె పోసి ఉంటారన్నదే కారణంగా ఎక్కువగా వినిపించింది. 2016 ఆగస్టులో ఛప్రా కోర్టు ప్రధానోపాధ్యాయురాలికి జైలు శిక్ష వేసింది.

ఈ కేసును బిహార్ బడి వంటగదుల సమస్యగా మాత్రమే చదివి పక్కన పెట్టేయడం తప్పు. మిర్చి, పత్తి పండే ప్రతి మండలంలోని పీహెచ్‌సీ వైద్యుడూ దీన్ని తన కేసుగా చదవాలి. రైతు కుటుంబంలో పిల్లవాడికి ప్రాణాంతకమైన మోతాదు చేలో మందు కొడుతున్నప్పుడు అందడం అరుదు. అది ఇంట్లో, డబ్బా ద్వారా, సీసా ద్వారా, వంట ద్వారా అందుతుంది. ఆ పిల్లవాడు బతకడం, బతకకపోవడం మొదటి గంటలో దగ్గరి ఆసుపత్రిలో ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఆంప్యూళ్లు (సూదిమందు బుడ్లు) ఎన్ని ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మందు ఎంతటిది

మోనోక్రోటోఫాస్‌ను మన రైతులు మోనో అనే అంటారు. బజారులో దొరికింది 36 శాతం ఎస్‌ఎల్ (నీళ్లలో కలిసే ద్రవం), అంటే మిల్లీలీటరుకు 360 మిల్లీగ్రాముల మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 1బీ తరగతిలో, అంటే చాలా ప్రమాదకరమైన వాటిలో పెట్టింది. డబ్బా మీద ఏటవాలుగా ఉన్న చదరంలో పై సగాన పుర్రె గుర్తు, కింది సగాన ఎరుపు ఉంటాయి. కూరగాయల మీద వాడకాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. 36 శాతం ఎస్‌ఎల్ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన పాత డబ్బాలు ఇళ్లలోంచి పోవు. పైగా ఇదే కుటుంబానికి చెందిన మందులు ఇంకా చాలానే కొట్లలో ఉన్నాయి.

120 మిల్లీగ్రాములు మింగితే మనిషి చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థను ఉటంకిస్తూ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) ఈ ఘటన తర్వాత చెప్పింది. అయిదు బియ్యపు గింజల బరువు అది. 36 శాతం మందులో ఇది మిల్లీలీటరులో మూడో వంతు, చుక్కల్లో చెప్పాలంటే ఆరేడు.

ఒక లెక్క వేద్దాం. ఇది గండామన్‌లో కలిసిన పరిమాణం కాదు, విషయం అర్థం కావడానికి వేసే లెక్క. డబ్బా అడుగున 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్ల మందు మిగిలిపోయి, అందులో నూనె పోశారనుకోండి. మందు 7,200 మిల్లీగ్రాములు. ఆ నూనె అంతా ఒకే వంటలో వాడి 60 మంది పిల్లలకు వడ్డిస్తే తలకు 120 మిల్లీగ్రాములు. పొయ్యి మీద కొంత పోయినా, కొంత గిన్నెకు అంటుకుపోయినా, 16 కిలోల పిల్లవాడికి అందేది చాలా ఎక్కువే. ఒక్కరోజులో ఆహారం ద్వారా హాని లేకుండా తీసుకోగలిగిన పరిమితి కిలో బరువుకు 0.002 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఆ పిల్లవాడి పరిమితి 0.032 మిల్లీగ్రాములు. ఖాళీ అయిందనుకున్న డబ్బాను నీళ్లతో ఒకసారి తొలిపి వాడుకోవడం ఎందుకు కుదరదో ఈ అంకెలే చెబుతాయి.

గుర్తుపట్టడం

బడిలో పిల్లలు వాంతులు చేసుకుంటున్నారన్న ఫోన్ రాగానే అందరికీ ముందు తట్టేది పాడైన భోజనం. సెలైన్, ఓఆర్‌ఎస్ సిద్ధం చేస్తారు. విలువైన అరగంట అక్కడే పోతుంది. పాడైన భోజనంలోని క్రిములు చేసే వాంతులు సాధారణంగా గంట నుంచి ఆరు గంటల తర్వాత మొదలవుతాయి. తిన్న అరగంటలోపే పిల్లలు వరసగా పడిపోతుంటే విషం అనే అనుకోవాలి. రుచి, వాసన తేడాగా ఉందని ఎవరైనా చెబితే ఇక సందేహం అక్కర్లేదు.

చేతిలో టార్చి ఉంటే చాలు. కంటిపాప సూది మొనంత అయి ఉంటుంది. నోట్లోంచి నురగ, చొంగ, ఒళ్లంతా చెమట, కన్నీళ్లు, విరేచనాలు, తడిసిపోయిన బట్టలు. ఛాతీ మీద చెవి పెడితే గురగుర. కనురెప్పలు, బుగ్గలు, తొడల కండరాలు చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతుంటాయి.

పిల్లల్లో ఒక తేడా ఉంది, పుస్తకంలో పెద్దల లక్షణాలు చదివినవాళ్లు ఇక్కడే పొరపడతారు. పెద్దవాళ్లలో నాడి నెమ్మదించడం, చెమట ముందు కనిపిస్తాయి. చిన్నపిల్లల్లో మగత, ఒళ్లు వేలాడిపోవడం, మూర్ఛ ముందు రావచ్చు. నాడి వేగంగానే ఉండొచ్చు. ఇంటి దగ్గర ఒక్క పిల్లవాడే పడిపోతే దీన్ని ఫిట్స్ అనో, మెదడువాపు అనో అనుకుని పంపేస్తారు. ఏ మందు కొట్టే సీజన్‌లోనైనా, స్పృహ తప్పి వచ్చిన ప్రతి పిల్లవాడి కంటిపాపా చూడాలి, బట్టల వాసనా చూడాలి.

ఈ విషం కట్టేసే ఎంజైము కోలినెస్టరేస్. రక్తంలో దాని పరీక్షకు పంపవచ్చు. ఫలితం కోసం చికిత్స ఆపకూడదు.

మొదటి పది నిమిషాలు

పిల్లవాడిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోరు తుడిచి, సక్షన్ పెట్టి, ఆక్సిజన్ ఇవ్వాలి. చేతికి తొడుగులు వేసుకుని బట్టలన్నీ తీసేసి సంచిలో మూటగట్టాలి. వాంతి ఒంటి మీద పడితే చర్మం నుంచి కూడా మందు ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి సబ్బుతో ఒళ్లు, తల, గోళ్ల సందులు కడగాలి. ఈ కడగడం ఒకరు చేస్తుండగానే ఇంకొకరు సూది పెట్టాలి. కడిగాక చికిత్స అని వరస పెట్టుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

ఊళ్లో చేసే వాంతి చికిత్సల వల్ల కేసు చెయ్యిదాటిపోవడం మామూలే. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు పులుసు, సబ్బునీళ్లు తాగిస్తారు. మగతలో ఉన్న పిల్లవాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందులోని ద్రావకం కూడా అందులో కలిసి న్యుమోనియా తెస్తుంది. ఆశా కార్యకర్తలకు, బడి వంట చేసేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఇదే: ఏమీ తాగించొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, డబ్బా వెంట తీసుకురండి. ఆసుపత్రిలో గొట్టం వేసి కడుపు కడగడం కూడా తిన్న గంటలోపు, ఊపిరి దారి భద్రంగా ఉన్నప్పుడే. పదిమంది పిల్లలు వరసలో ఉంటే ఆ చేతులు అట్రోపిన్‌కు కావాలి.

అట్రోపిన్ లెక్క

మన దగ్గర దొరికే ఆంప్యూల్ ఒక మిల్లీలీటరు, అందులో 0.6 మిల్లీగ్రాములు. పిల్లలకు మొదటి మోతాదు కిలోకు 0.02 నుంచి 0.05 మిల్లీగ్రాములు. ఊపిరి గురగురమంటూ వచ్చిన పిల్లవాడికి 0.05 తీసుకోవాలి. అప్పుడు లెక్క నోటికి వస్తుంది: పన్నెండు కిలోలకు ఒక ఆంప్యూల్. 18 కిలోలకు ఒకటిన్నర, 24 కిలోలకు రెండు. తూకం దొరక్కపోతే కళ్లతో అంచనా వేసి మొదలుపెట్టాలి.

అయిదు నిమిషాలకోసారి ఛాతీ వినాలి. గురగుర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేయాలి. 24 కిలోల పిల్లకు రెండు, తర్వాత నాలుగు, తర్వాత ఎనిమిది. గురగుర పూర్తిగా పోయి, రక్తపోటు నిలబడి, వయసుకు తగిన నాడి ఉండి, చంకలో చెమట ఆరేవరకూ ఆపకూడదు. ఏమీ మార్చకుండా పన్నెండు గంటలు అదే మోతాదు గంటకోసారి ఇవ్వడం పాత అలవాటు, అది ప్రాణాలు తీస్తుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్పాలి. కంటిపాప పెద్దదవగానే సరిపోయిందని అట్రోపిన్ ఆపేస్తారు. కంటిపాప గమ్యం కాదు, ఛాతీయే గమ్యం. నాడి 140 ఉందని అట్రోపిన్ ఇవ్వడానికి భయపడతారు. ఆక్సిజన్ అందక, భయంతో కొట్టుకునే గుండె అది, ఊపిరితిత్తులు పొడిబారితే దానంతట అదే తగ్గుతుంది. ఇంకొందరు ఛాతీలో నీరు విని గుండె జబ్బు నీరనుకుని, మూత్రం ద్వారా నీరు తీసే ఫ్రూసమైడ్ ఇస్తారు. ఆ నీరు ఊపిరితిత్తుల గ్రంథులు కార్చింది, దాన్ని ఆపేది అట్రోపిన్ ఒక్కటే.

ఛాతీ పొడిబారాక, అప్పటిదాకా పట్టిన మొత్తంలో పది నుంచి ఇరవై శాతం గంటకు చొప్పున సెలైన్‌లో ఎక్కించాలి. పై పిల్లకు 14 ఆంప్యూళ్లు, అంటే 8.4 మిల్లీగ్రాములు పట్టిందనుకుంటే గంటకు 0.8 నుంచి 1.7 మిల్లీగ్రాములు. జ్వరం, పెనుగులాట, పేగుల శబ్దం లేకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం కలిసి కనిపిస్తే అట్రోపిన్ ఎక్కువైనట్టు. అరగంట నుంచి గంట ఆపి, ముందున్న వేగంలో నాలుగింట మూడు వంతులకు తగ్గించి మొదలుపెట్టాలి. జులై ఎండలో, ఫ్యాన్ లేని వార్డులో పిల్లలకు ఈ జ్వరం ప్రమాదకరంగా పెరుగుతుంది, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి.

ఇప్పుడు గండామన్ లెక్క చూడండి. సగటున 18 కిలోల పిల్లలు నలభై మంది ఒకేసారి వచ్చారనుకుంటే మొదటి మోతాదుకే 60 ఆంప్యూళ్లు కావాలి. అందరికీ మూడుసార్లు రెట్టించాల్సి వస్తే ఒక్కొక్కరికి ఇరవై రెండున్నర, మొత్తం 900. అందరికీ అంత పట్టదు, సగానికి లెక్కేసుకున్నా 450. చిన్న ఆసుపత్రి అలమరలో ఉండే ఒకటి రెండు పెట్టెలు మొదటి అయిదుగురికే అయిపోతాయి. గండామన్ పిల్లల దారి మశ్రఖ్, ఛప్రా, పాట్నా మీదుగా సాగింది. అలాంటి దారిలో ప్రతి మజిలీలో ఆంప్యూళ్లు ఉండాలి, అంబులెన్సులోనూ ఉండాలి. అట్రోపిన్ మొదలుపెట్టకుండా పెద్దాసుపత్రికి పంపడం రిఫరల్ అనిపించుకోదు.

పామ్, మూర్ఛ, ఊపిరి

విషం పట్టుకున్న కోలినెస్టరేస్‌ను విడిపించే మందు ప్రాలిడాక్సిమ్‌ను వార్డులో అందరూ పామ్ అంటారు. పిల్లలకు కిలోకు 25 నుంచి 50 మిల్లీగ్రాములు, అరగంటపాటు నెమ్మదిగా ఎక్కించాలి, ఆ తర్వాత గంటకు కిలోకు 10 నుంచి 20. గబగబా తోస్తే గొంతు పట్టేసి గుండె ఆగవచ్చు. దీని ప్రయోజనం మీద పరిశోధనలు ఒక మాట మీద లేవు. మోనోక్రోటోఫాస్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇది డైమిథైల్ రకం. ఎంజైమును పట్టుకున్న ఈ రకం మందులో సగం దాదాపు 3.7 గంటల్లోనే శాశ్వతంగా బిగుసుకుపోతుంది. డైఇథైల్ రకాలకు అదే 33 గంటలు పడుతుంది. కాబట్టి డైఇథైల్ రకమైన క్లోర్‌పైరిఫాస్ తాగిన పిల్లవాడికి మరునాడు ఇచ్చినా కొంత ఆశ ఉండొచ్చు, మోనో కేసులో ఆలస్యంగా ఇచ్చిన పామ్ పనిచేయదు. పామ్ వెతుక్కుంటూ అట్రోపిన్ ఆలస్యం చేయకూడదన్నదే ఇందులో గ్రహించాల్సింది.

మూర్ఛకు డయజిపామ్ కిలోకు 0.2 నుంచి 0.3 మిల్లీగ్రాములు నరంలోకి నెమ్మదిగా. నరం దొరక్కపోతే మిడజోలం ముక్కులో, కిలోకు 0.2. ఊపిరి గొట్టం వేయాల్సి వస్తే, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ వాడకూడదు. దాన్ని విరిచే ఎంజైమునే విషం కట్టేసి ఉంటుంది, గంటల తరబడి కండరాలు కదలవు.

రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు

పిల్లవాడు లేచి కూర్చున్నాడు, ఇడ్లీ తిన్నాడు, ఇంటికి పంపమని అమ్మానాన్నలు అడుగుతున్నారు. ఇది అత్యంత ప్రమాదకరమైన సమయం. విషం ఎక్కిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. చెమట, చొంగ ఏమీ ఉండవు, కంటిపాప మామూలుగానే ఉంటుంది, అందుకే కనిపెట్టలేరు. అట్రోపిన్ దీనికి పనిచేయదు, వెంటిలేటరే మార్గం.

కనిపెట్టే పద్ధతి చాలా సులువు. నాలుగు గంటలకోసారి మంచం దగ్గరికెళ్లి, "నాన్నా, చేతులు ఆనించకుండా తల ఎత్తు" అనాలి. దిండు మీంచి తల ఎత్తి అయిదు సెకన్లు నిలపగలిగితే ఫరవాలేదు. గడ్డం పైకి లేచి తల మాత్రం లేవకపోతే, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారితే, నీళ్లు మింగలేక దగ్గితే, వెంటనే వెంటిలేటర్ ఉన్న చోటికి చేర్చాలి. మరీ చిన్నపిల్లలు మాట వినరు, వాళ్లను చేతులు పట్టి లేపి కూర్చోబెట్టినప్పుడు తల వెనక్కి వేలాడుతోందా అని చూడాలి. ఇంత చిన్న పరీక్షను రాత్రి డ్యూటీ నర్సు చేతికి అప్పగించి, కేస్ షీటులో గడి గీయించడం నా దృష్టిలో ఖరీదైన ఏ పరీక్ష కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. కనీసం నాలుగు రోజులు నిండకుండా డిశ్చార్జి వద్దు. రెండు మూడు వారాల తర్వాత కాళ్లలో తిమ్మిరి, పాదం వాలిపోవడం ఉందేమో మళ్లీ పిలిచి చూడాలి, చదువులో జ్ఞాపకం ఎలా ఉందో బడిలో అడగాలి.

పడిపోని పిల్లల సంగతి

కళ్లముందు పడిపోయిన పిల్లలు లెక్కకు వస్తారు. రోజూ కొద్దికొద్దిగా తగిలేవాళ్లు లెక్కకు రారు. కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో వ్యవసాయ కూలీ కుటుంబాల తల్లులను గర్భంతో ఉన్నప్పటి నుంచి గమనించారు. మూత్రంలో ఆర్గానోఫాస్ఫరస్ ఆనవాళ్లు అత్యధికంగా ఉన్న అయిదో వంతు తల్లుల పిల్లలకు ఏడేళ్ల వయసులో ఐక్యూ, అత్యల్పంగా ఉన్నవాళ్ల పిల్లలతో పోలిస్తే సగటున ఏడు పాయింట్లు తక్కువగా ఉందని 2011లో ప్రచురించారు. మన పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే చేత్తో పువ్వులకు పుప్పొడి అద్దే పనికి, ఎంతోమంది ఆడపిల్లలను తీసుకెళ్లారు. పువ్వు ఎత్తున తల ఉండే పిల్ల, మందు కొట్టిన మొక్కల మధ్య రోజంతా నిలబడేది. అలాంటి పిల్లలకు వచ్చే తలనొప్పి, వాంతులు, చూపు మసకలను ఎండదెబ్బ కింద రాసేస్తే ఆ కేసు కనపడకుండా పోతుంది.

తెలుగు నేలలో మోనో కొత్తది కాదు. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో 8,040 మంది చేరితే 22.6 శాతం మంది చనిపోయారు. 2002వ సంవత్సరం కేసుల్లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. వాళ్లలో దాదాపు అందరూ కావాలని తాగినవాళ్లు. కానీ పెద్దవాళ్ల చేతికి అంత తేలిగ్గా అందిన డబ్బా, అదే ఇంట్లో పిల్లల చేతికీ అందుతుంది.

ఇంట్లో, బడిలో

కేసు చరిత్ర రాసేటప్పుడు డబ్బా ఎక్కడుందో అడగాలి. పశువుల కొట్టంలో, అటక మీద, తలుపు వెనక, మంచం కింద. సగం వాడిన మందును క్వార్టర్ సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి పొరుగు రైతుకు ఇస్తారు. ఖాళీ డబ్బాను చేలో తాగునీటికి, ఇంట్లో కిరోసిన్‌కు, డీజిల్‌కు, చివరికి నూనెకు వాడతారు. మూత బిగుతుగా, పిడి గట్టిగా ఉండే మంచి ప్లాస్టిక్ డబ్బాను పారేయబుద్ధి కాదు. కుటుంబం బీదదైతే మరీ. ఈ కారణాన్ని అర్థం చేసుకోకుండా అవగాహన లేదని తిట్టడం వల్ల డబ్బా ఇంట్లోంచి కదలదు. దానికి బదులు ఒక శుభ్రమైన క్యాన్ ఇస్తే కదులుతుంది.

డబ్బాను మందు కలిపే చోటే ముగించాలి. ఖాళీ అవగానే పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం గిలకొట్టి, ఆ నీటిని తైవాన్ పంపు ట్యాంకులోనే పోయాలి. అరనిమిషం బోర్లించి పూర్తిగా కారనివ్వాలి. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత గునపంతో అడుగున, పక్కన చిల్లులు పొడవాలి. మూడుసార్లు కడిగినా ప్లాస్టిక్ గోడలో మందు ఇంకి ఉంటుంది, అందుకే తిండికి మాత్రం ఎప్పటికీ పనికిరాదు. బావి గట్టున కడగడం, పొయ్యిలో తగలబెట్టడం రెండూ పిల్లలకే చుట్టుకుంటాయి.

బడి వంటకు నూనె సీలు ఉన్న ప్యాకెట్‌లోనే రావాలి, విడి నూనె వద్దు. సీలు ఇంకొకరి ముందు కత్తిరించాలి. వంట చేసే ఆమె వాసన తేడాగా ఉందంటే ఆ పూట వంట ఆపే అధికారం ఆమెకే ఉండాలి. గండామన్‌లో ఆమె ముక్కు సరిగ్గానే చెప్పింది. పెద్దలు తిన్న అరగంట తర్వాతే పిల్లలకు వడ్డించాలి, చెంచాతో నాలుక్కి తాకించి సంతకం పెడితే సరిపోదు. కూర, నూనె కొంచెం కొంచెం మూతగట్టి మరునాటి దాకా ఉంచాలి. ఏదైనా జరిగితే వాంతి, నూనె, కూర వేర్వేరు గాజు సీసాల్లో పోసి, సీలు వేసి, తేదీ రాసి పోలీసులకు ఇవ్వాలి. గిన్నెలు కడిగేస్తే ఏ మందో తెలియదు, చికిత్స కూడా గుడ్డిగా సాగుతుంది. మందు పేరు తెలిసి మోతాదులో సందేహం వస్తే ఎయిమ్స్ జాతీయ విష సమాచార కేంద్రం, 1800 116 117.

పీహెచ్‌సీలో జూన్ మొదటి వారంలో, పత్తి గింజ వేయకముందే, ఫార్మసిస్టు అలమర తెరిచి అట్రోపిన్ ఆంప్యూళ్లు లెక్కపెట్టాలి. గడువు తేదీలు చూడాలి. కనీసం వంద అక్కడ, అంతకు మించింది అరగంట దూరంలోని ఏరియా ఆసుపత్రిలో ఉండాలి, రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుందో గోడ మీద రాసి పెట్టాలి. పక్కనే చేత్తో నొక్కి ఊపిరి అందించే పిల్లల ఆంబూ బ్యాగులు రెండు సైజుల్లో, సక్షన్ గొట్టాలు, పన్నెండు కిలోలకు ఒక ఆంప్యూల్ అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం.